పేద వలసవాడల్లో నాయకత్వం ఎక్కడి నుంచి వస్తుంది? బాయిల్ హైట్స్, శాన్ ఆంటోనియో అనుభవాలపై చర్చ

తుంగభద్ర:

అమెరికా నగరాల్లోని పేద వలసవాడల ప్రస్తావన వచ్చినప్పుడు మనం ఎక్కువగా దాతృత్వం గురించే మాట్లాడుకుంటాం. ఎవరు బియ్యం పంచారు, ఎవరు ఉచిత వైద్యశిబిరం పెట్టారు అన్న వార్తలు మన పత్రికల్లోనూ కనిపిస్తాయి. ఆ వాడల్లో ఉండేవారే ఒకచోట చేరి, వీధి దీపాల కోసం, మురుగు కాలువల కోసం, ఓటు కోసం నగర పాలకులను నిలదీసిన చరిత్ర మాత్రం తెలుగులో చాలా తక్కువగా వచ్చింది. దాని గురించి వివరంగా మాట్లాడుకోవాలన్న కోరికతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందుగా లాస్ ఏంజెలెస్ తూర్పు భాగంలోని బాయిల్ హైట్స్‌ను తీసుకుంటాను. 1947లో ఎడ్వర్డ్ రాయ్‌బల్ అక్కడి నుంచి నగర మండలికి పోటీ చేసి ఓడిపోయాడు. ఎన్నిక ముగిశాక అభ్యర్థి వెంట తిరిగినవాళ్లు ఎవరి దారిన వాళ్లు పోవడం ఎక్కడైనా జరిగేదే. ఇక్కడ మాత్రం వాళ్లు కలిసే ఉండి, ఆ కూటమినే కమ్యూనిటీ సర్వీస్ ఆర్గనైజేషన్‌గా, అంటే సీఎస్ఓగా మార్చుకున్నారు. సాల్ అలిన్‌స్కీ చికాగోలో నెలకొల్పిన ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్ వారికి తోడుగా ఫ్రెడ్ రాస్ అనే ఆర్గనైజర్‌ను, అంటే వాడల్లో జనాన్ని కూడగట్టే కార్యకర్తను, జీతమిచ్చి పంపింది. రాస్ అంతకుముందు కాలిఫోర్నియాలోని ఆర్విన్‌లో వలస కూలీల ప్రభుత్వ శిబిరాన్ని నడిపినవాడు. తర్వాతి రెండేళ్లలో సీఎస్ఓ సభ్యులు ఇంటింటికీ తిరిగి వేలాదిమందిని కొత్తగా ఓటర్ల జాబితాలో చేర్పించారు. 1949లో రాయ్‌బల్ గెలిచాడు. 1881 తర్వాత ఆ నగర మండలిలో అడుగుపెట్టిన మొదటి మెక్సికన్ అమెరికన్ ఆయనే.

ఈ కథను రాయ్‌బల్ విజయగాథగా చెప్పడం సులభం. నాకు మాత్రం అంతకంటే ముఖ్యంగా కనిపించేది గెలిచిన తర్వాత కూడా సంఘం పని ఆగకపోవడం. 1951 క్రిస్మస్ వేళ లాస్ ఏంజెలెస్ పోలీసులు తమ అదుపులో ఉన్న ఏడుగురు యువకులను దారుణంగా కొట్టారు. వారిలో ఐదుగురు మెక్సికన్ అమెరికన్లు. సీఎస్ఓ తెచ్చిన ఒత్తిడి ఆ వ్యవహారాన్ని కప్పిపుచ్చడానికి వీలు లేకుండా చేసింది. చివరికి ఎనిమిదిమంది పోలీసులపై అభియోగాలు నమోదై, ఐదుగురికి శిక్ష పడింది. పోలీసులను చూస్తే తలుపు వేసుకునే వాడలో, సాక్ష్యం చెప్పడానికి మనుషులు ముందుకు రావాలంటే, తమ వెనుక ఎవరో ఉన్నారన్న నమ్మకం వారికి ముందే ఏర్పడి ఉండాలి. ఆ నమ్మకం ఎలా ఏర్పడుతుందన్నదే నా ప్రశ్న.

మోదుగుపూలు:

మంచి విషయం ఎత్తారు. 1977లో తానా ఏర్పడినప్పటి నుంచీ అమెరికాలోని మన తెలుగు సంఘాలు పండుగలు, మహాసభలు, ఆపదలో ఉన్నవారికి సాయం వంటి పనులు చేస్తూ వస్తున్నాయి. పరాయి దేశంలో అకస్మాత్తుగా చనిపోయిన విద్యార్థి పార్థివ దేహాన్ని తల్లిదండ్రుల దగ్గరికి చేర్చడం ఎంత పెద్ద సేవో దగ్గర నుంచి చూసినవారికి తెలుసు. అయితే ఆ సంఘాలు ఎక్కువగా ఉద్యోగాల్లో కుదురుకున్నవారి చుట్టూ పెరిగినవి. అద్దె కట్టలేని కుటుంబం, యజమానికి ఎదురు చెబితే పని పోతుందన్న భయంతో బతికే మనిషి ఆ సమావేశాల్లో మాట్లాడడం అరుదు. కాబట్టి తుంగభద్ర గారు అడిగిన ప్రశ్నకు జవాబు మన సంఘాల అనుభవంలో దొరకదని, ఇతర వలసజాతుల చరిత్రలోకి వెళ్లవలసిందేనని నేను అనుకుంటున్నాను.

నాగావళి:

నేను డాలస్‌లో ఉంటాను. నగరం ఉత్తర భాగంలో శరణార్థులు, మధ్య అమెరికా నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు ఎక్కువగా అద్దెకు ఉండే ఒక పాత అపార్ట్‌మెంట్ సముదాయంలో కొందరు మిత్రులతో కలిసి ఇంగ్లిష్ తరగతులు, పౌరసత్వ పరీక్ష తరగతులు నడుపుతున్నాం. పాఠాలకు జనం బాగానే వస్తారు. కానీ వేసవిలో ఏసీలు చెడిపోయి నెల గడిచినా, గోడల్లో బూజు పట్టి పిల్లలకు దగ్గు తగ్గకపోయినా, యాజమాన్యం దగ్గరికి కలిసి వెళదామంటే ఒక్కరూ కదలరు. మీరే వెళ్లి చెప్పండి, మీకు భాష వచ్చు కదా అంటారు. మేము వెళ్లి చెబితే ఒకటి రెండు ఇళ్లలో మరమ్మతు జరుగుతుంది, మిగిలినవి అలాగే ఉంటాయి. సేవ చేస్తూనే ఉన్నాం, నాయకత్వం మాత్రం పుట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరా?

తుంగభద్ర:

నాగావళి గారూ, రాస్ పద్ధతిలో మీకు పనికొచ్చేది ఇళ్లలో జరిపే చిన్న సమావేశం. ఆయన పెద్ద హాలు తీసుకుని కరపత్రాలు పంచడంతో మొదలుపెట్టలేదు. ఆ వీధిలో నలుగురు మాట వినే మనిషి ఎవరో కనుక్కుని, వారింటికి ఇరుగుపొరుగును, బంధువులను పిలిపించేవాడు. వచ్చేవారు పట్టుమని పదిమంది ఉంటే చాలు. ఇరవై నిమిషాలు విషయం చెప్పి, మిగిలిన సమయమంతా వారి బాధలు వినడం, చివరన వచ్చే వారం మీ ఇంట్లో పెట్టుకుందామా అని ఒక్కొక్కరినీ అడగడం, ఆ పద్ధతి మొత్తం ఇంతే. అలాంటి సమావేశాలు వారాల తరబడి జరిగిన తర్వాతే పెద్ద సభ. అప్పటికి ఆ సభకు వచ్చేవారిలో చాలామందికి ఒకరికొకరు తెలిసి ఉంటారు.

1952లో శాన్ హోసేలోని సాల్ సి ప్యూడెస్ అనే బురద వీధుల వాడలో రాస్‌కు, తర్వాత పొలం కూలీల నాయకుడైన సీజర్ చావెజ్ పరిచయమైంది ఈ పద్ధతిలోనే. డోనల్డ్ మెక్‌డొనెల్ అనే క్యాథలిక్ పూజారి, వాడలో తిరిగే ప్రజారోగ్య నర్సు వంటివారిని అడిగి, ఎవరింటికి వెళ్లాలో రాస్ తెలుసుకున్నాడు. చావెజ్ మొదట్లో ఈ తెల్లాయనను నమ్మలేదు. అయినా సమావేశం ఆయన ఇంట్లోనే జరిగింది, ఆ వెంటనే ఓటర్ల నమోదులో దిగాడు. అప్పటికి ఆయన ఉపన్యాసాలు చెప్పిన మనిషి కాడు, పొలాల్లోనూ కలప యార్డుల్లోనూ పనిచేసిన కూలీ. అతని చుట్టుపక్కలవారు అతన్ని నమ్మడమే అక్కడ అర్హత.

మీ తరగతులకు వచ్చేవారిలో, పక్కింటి పిల్లలను బడికి దింపేవారు ఎవరు, ఎవరికైనా జ్వరం వస్తే అందరూ ఎవరి తలుపు తడతారు, ఉత్తరం వస్తే చదివించుకోవడానికి ఎవరి దగ్గరికి వెళతారు అని నెల రోజులు గమనించండి. మీ తరఫున మాట్లాడగలిగే మనిషి కోసం చూడకండి. బాగా ఇంగ్లిష్ వచ్చినవారిని నాయకులుగా ఎంచుకోవడం బయటి నుంచి వచ్చే కార్యకర్తలకు చాలా సహజంగా తోచే దారి. కానీ వారికి అనుచరులు ఉండకపోవచ్చు.

ఎర్రమట్టి:

నేను టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో చాలాకాలంగా ఉంటున్నాను కాబట్టి ఇక్కడి కాప్స్ గురించి రాస్తాను. పూర్తి పేరు కమ్యూనిటీస్ ఆర్గనైజ్డ్ ఫర్ పబ్లిక్ సర్వీస్. 1974లో ఎర్నెస్టో కోర్టేస్ అనే ఆర్గనైజర్, ఆయన కూడా ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్‌లో శిక్షణ పొందినవాడే, నగరం పశ్చిమ భాగంలోని క్యాథలిక్ పారిష్‌లను, అంటే ఒక్కో చర్చి చుట్టూ ఉన్న భక్త సమాజాలను, ఆధారం చేసుకుని దీన్ని కట్టాడు. ఆయన ముందుగా చేసిన పని వందలాది మందితో విడివిడిగా కూర్చుని మాట్లాడడం. మిమ్మల్ని వేధిస్తున్నదేమిటి అని అడిగితే, జనం జాతి వివక్ష గురించో రాజకీయ హక్కుల గురించో పెద్ద మాటలు చెప్పలేదు. వానొస్తే ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయని చెప్పారు.

ఆ పశ్చిమ వాడల్లో వరదనీటి కాలువలు లేక దశాబ్దాలుగా ఇళ్లు మునిగేవి, పిల్లలు బడికి బురదలో నడిచేవారు. కాప్స్ సభ్యులు నగర కార్యాలయంలో పాత దస్త్రాలు తిరగేస్తే, ఆ కాలువల పథకాలు నగర ప్రణాళికల్లో ఏనాడో చేరినవేనని, కట్టకుండా పక్కన పెట్టారని తేలింది. 1974 ఆగస్టులో పెద్ద వర్షాలకు ఇళ్లు మునిగినప్పుడు వాళ్లు ఆ కాగితాలతో సహా నగర మండలి సమావేశానికి వెళ్లి హాలు నింపేశారు. ఆ నవంబర్‌లోనే కాలువల కోసం నగరం 4.68 కోట్ల డాలర్ల అప్పు తెచ్చే బాండ్లను ఓటర్లు ఆమోదించారు.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, దస్త్రాలు తిరగేసింది నిపుణులు కాదు, అక్కడి గృహిణులు, కూలీలు, చిరుద్యోగులు. తర్వాత కాప్స్ అధ్యక్షురాలైన బియట్రిస్ గాలెగో అంతకుముందు పారిష్‌లోనూ, పిల్లల బడిలో తల్లిదండ్రుల సంఘంలోనూ పనిచేసిన గృహిణి. ఆర్గనైజర్ ప్రశ్నలు వేయడం నేర్పాడు, ప్రశ్నలు వేసింది వాళ్లే. ఆ సంప్రదాయంలో ఉక్కు నియమం అని ఒకటి ఉంది: ఎవరి పని వారు చేసుకోగలిగినప్పుడు దాన్ని వారి బదులు మనం చేయకూడదు. నాగావళి గారూ, యాజమాన్యం దగ్గరికి మీరు వెళ్లి మాట్లాడిన ప్రతిసారీ ఈ నియమం గుర్తు చేసుకోవాలి.

రెండోది డబ్బు. సభ్య పారిష్‌లు ఏటా చందా కట్టేవి. ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంఘం ఆ ప్రభుత్వాన్నే నిలదీయడం కష్టమని వాళ్లు మొదటి నుంచీ గుర్తించారు.

అప్పట్లో మండలి సభ్యులను నగరమంతా కలిసి ఎన్నుకునేది కాబట్టి పశ్చిమ వాడల ఓటు తేలిపోయేది. ఓటు హక్కుల చట్టం కింద కేంద్రం నుంచి వచ్చిన ఒత్తిడి ఒకవైపు, కాప్స్ ప్రచారం మరోవైపు పనిచేసి, 1977లో పది డివిజన్లు ఒక్కొక్కటీ తన సభ్యుణ్ణి ఎన్నుకునే పద్ధతి వచ్చింది. ఆ ఏడాది జరిగిన ఎన్నికల్లో మెక్సికన్ అమెరికన్లు ఐదుగురు, నల్లజాతివారు ఒకరు గెలిచి, మేయరుతో కలిపి పదకొండుమంది ఉండే మండలిలో ఆధిక్యం సాధించారు. ఎన్నికల్లో కాప్స్ ఏ అభ్యర్థినీ బలపరచలేదు. అందరినీ వేదిక మీదికి పిలిచి, ఫలానా పని చేస్తావా చేయవా అని అడిగి, అవునో కాదో నలుగురి ఎదుట చెప్పించేది. ఆ జవాబును గుర్తు పెట్టుకునే బాధ్యత వాడ మొత్తానిది.

పాలపిట్ట:

మీరందరూ చెబుతున్న పద్ధతి మూలం చికాగోలో ఉంది కాబట్టి, దాని చేదు వైపు కూడా చెప్పుకోవాలి. 1939లో అలిన్‌స్కీ, జోసెఫ్ మీగన్ కలిసి కబేళాల పక్కనున్న బ్యాక్ ఆఫ్ ది యార్డ్స్‌లో ఇరుగుపొరుగు మండలిని స్థాపించారు. పోలండ్, లిథువేనియా, ఐర్లండ్, మెక్సికో వంటి దేశాల నుంచి వచ్చి, ఒకరి చర్చికి ఒకరు వెళ్లని జాతులను ఒక గొడుగు కిందికి తెచ్చి, మాంస పరిశ్రమ కార్మికుల యూనియన్‌కు అండగా నిలబెట్టడం నిజంగా గొప్ప పని. కానీ అదే మండలి 1950లు వచ్చేసరికి నల్లజాతి కుటుంబాలు ఆ వాడలోకి రాకుండా అడ్డుకునే శక్తిగా మారింది. అలిన్‌స్కీకే అది తీరని బాధ మిగిల్చింది.

పేదలు సంఘటితమైతే చాలు, ఫలితం న్యాయంగానే ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. తమ వాడను బాగుచేసుకోవడం, తమ వాడకు గోడ కట్టుకోవడం రెండూ ఒకే బలంతో జరగగలవు. డాలస్ అపార్ట్‌మెంట్లలో ఏడెనిమిది భాషలవాళ్లు ఉన్నప్పుడు, ముందుగా కదిలిన భాషవాళ్లే సంఘాన్ని సొంతం చేసుకునే ప్రమాదం ఉంది.

ఎర్రమట్టి:

పాలపిట్ట గారు చెప్పినది కాదనలేం. కాప్స్ కూడా దాదాపు పూర్తిగా క్యాథలిక్, మెక్సికన్ అమెరికన్ సంస్థగానే మొదలైంది. తర్వాత నగరంలోని ఇతర ప్రాంతాల చర్చిలతో ఏర్పడిన మెట్రో అలయన్స్‌తో కలిసి పనిచేయడం నేర్చుకుంది. 1990లో ఇక్కడి పెద్ద దుస్తుల కర్మాగారం ఒకటి మూతపడి వెయ్యిమందికి పైగా, ఎక్కువగా స్త్రీలు, రోడ్డున పడ్డప్పుడు ఈ రెండూ కలిసి ప్రాజెక్ట్ క్వెస్ట్ అనే వృత్తి శిక్షణ కార్యక్రమాన్ని తెచ్చాయి. ఒకే వాడకు, ఒకే జాతికి పరిమితమై ఉంటే అది సాధ్యమయ్యేది కాదు.

వంశధార:

నాకు మొదటి నుంచీ ఒక సందేహం. బాయిల్ హైట్స్‌లోనూ శాన్ ఆంటోనియోలోనూ సంఘం బలానికి అసలు ఆధారం ఓటు. అక్కడివారిలో చాలామంది ఆ దేశంలో పుట్టినవారో, పౌరసత్వం తెచ్చుకోగలిగినవారో. నేటి వలసవాడల్లో గ్రీన్ కార్డు కోసం చూసేవారు, శరణార్థులు, ఏ కాగితమూ లేనివారు ఒకే ఇంట్లో ఉంటారు. వారికి నాయకత్వం అంటే ఏమిటి?

న్యూయార్క్ చరిత్రలో కొన్ని జవాబులు ఉన్నాయి. అక్కడ 2002లో స్థానిక పాఠశాల బోర్డులు రద్దయ్యేదాకా పౌరులు కాని తల్లిదండ్రులు కూడా వాటి ఎన్నికల్లో ఓటు వేసేవారు. 2021 డిసెంబర్‌లో నగర మండలి చట్టబద్ధంగా నివసించే పౌరేతరులకు స్థానిక ఎన్నికల్లో ఓటు ఇస్తూ చట్టం చేసింది, కానీ 2025 మార్చిలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. మేరీలాండ్‌లోని టకోమా పార్క్ అనే చిన్న పట్టణంలో మాత్రం 1990ల తొలినాళ్ల నుంచి పౌరేతరులు పట్టణ ఎన్నికల్లో ఓటు వేస్తున్నారు. వీటన్నిటికంటే నాకు ఆశ కలిగించినది న్యూయార్క్‌లో 2011లో నాలుగు డివిజన్లతో మొదలైన ప్రజా బడ్జెట్ పద్ధతి. డివిజన్ నిధుల్లో కొంత భాగాన్ని దేనికి ఖర్చు పెట్టాలో అక్కడ నివసించేవారే ఓటు వేసి తేలుస్తారు, పౌరసత్వం ఉందా అని ఎవరూ అడగరు. మొత్తం చిన్నదే కావచ్చు. కానీ బడి మరుగుదొడ్లు బాగుచేయించాలని ప్రతిపాదన రాసి, దాన్ని పదిమందికి వివరించి, గెలిపించుకున్న తల్లి తర్వాత ఏ సమావేశంలోనూ వెనక కుర్చీలో కూర్చోదు.

మోదుగుపూలు:

వంశధార గారి మాటకు కొనసాగింపుగా, పౌరసత్వం అందుబాటులోకి తేవడం కూడా సమీకరణలో భాగమేనని గుర్తు చేస్తాను. 1952 వలస చట్టం, అమెరికాలో అప్పటికే 20 ఏళ్లు గడిపిన, 50 దాటినవారికి ఇంగ్లిష్ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. సీఎస్ఓ దాన్ని పట్టుకుని, జీవితమంతా పొలాల్లో గడిపిన ముసలివారికి స్పానిష్‌లోనే తరగతులు నడిపి వేలమందిని పౌరులను చేసింది. అంతటితో ఆగలేదు. సీఎస్ఓ కార్యకర్త డొలోరెస్ వెర్టా కాలిఫోర్నియా రాజధాని సాక్రమెంటోలో శాసనసభ్యుల చుట్టూ తిరిగి, ఏళ్ల తరబడి నివసిస్తున్న పౌరేతర వృద్ధులకూ పింఛను దక్కేలా 1961లో రాష్ట్ర చట్టం మార్పించడంలో ముఖ్యపాత్ర వహించింది.

ఆ మినహాయింపు ఇప్పటికీ ఉంది, మన పెద్దలకూ వర్తిస్తుంది. గ్రీన్ కార్డుతో 20 ఏళ్లు గడిచి 50 దాటినవారు, లేదా 15 ఏళ్లు గడిచి 55 దాటినవారు, దుభాషిని వెంట తీసుకెళ్లి పౌరశాస్త్ర పరీక్షకు రాతతో పని లేకుండా తెలుగులోనే నోటితో జవాబులు చెప్పవచ్చు. 65 దాటి 20 ఏళ్లు గడిపినవారికి చదువుకోవలసిన ప్రశ్నలు 20 మాత్రమే. పిల్లల దగ్గర ఉంటూ, ఇంగ్లిష్ రాదన్న బెదురుతో దరఖాస్తు చేయని అమ్మమ్మలు, తాతయ్యలు మనలో చాలామందే ఉన్నారు. నాగావళి గారూ, మీ తరగతులకు వచ్చే వృద్ధులకు ఈ సంగతి ముందుగా చెప్పండి. పరీక్ష గట్టెక్కిన ఆ మనిషినే తర్వాతి బృందానికి పాఠం చెప్పమనండి.

శమీవృక్షం:

టెక్సాస్ అద్దె చట్టం గురించి నాకు తెలిసినంత రాస్తాను, ఎందుకంటే నాగావళి గారి వాడలో భయమే అసలు అడ్డంకి. టెక్సాస్ ఆస్తి చట్టం 92వ అధ్యాయం ప్రకారం, అద్దెదారులు సంఘం పెట్టుకున్నందుకో, అందులో చేరినందుకో, మరమ్మతు కోసం ఫిర్యాదు చేసినందుకో యజమాని ఆరు నెలలలోపు కక్షసాధింపుగా ఖాళీ చేయించడం, అద్దె పెంచడం, సౌకర్యాలు తగ్గించడం నిషిద్ధం. దీనికి పౌరసత్వంతో సంబంధం లేదు. అయితే అద్దె బకాయి ఉంటే ఈ రక్షణలో పెద్ద భాగం పనిచేయదు. అందుకే కోపంతో అద్దె ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే టెక్సాస్‌లో అది చాలా ప్రమాదకరం.

ఆరోగ్యానికి, భద్రతకు హాని చేసే లోపాన్ని రాతపూర్వకంగా, వీలైతే రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేయాలి. ఆ తర్వాత మామూలుగా ఏడు రోజులను తగిన గడువుగా చట్టం భావిస్తుంది. ఒక్కొక్కరూ విడివిడిగా నోటీసు ఇవ్వాలి, కానీ అందరూ ఒకే రోజున ఇవ్వవచ్చు. ఏ ఇంట్లో ఏ లోపం ఉందో అక్కడివారే తలుపు తలుపుకీ తిరిగి రాసుకుంటే, ఆ పనిలోనే ఎవరు నమ్మకంగా తిరుగుతారో, ఎవరి మాట చెల్లుతుందో బయటపడుతుంది. ఏదైనా నోటీసు ఇచ్చే ముందు అద్దెదారులకు ఉచితంగా సలహా చెప్పే న్యాయవాదికి ఒకసారి చూపించుకోండి.

నాగావళి:

ఈ నిబంధన మాకు తెలియదు. ఇళ్ల లోపాల జాబితా తయారుచేసే పని మేము పెట్టుకోకుండా, అక్కడి ఇద్దరు తల్లులను అడుగుతాను. ఒకరు నేపాలీ మాట్లాడతారు, ఒకరు స్పానిష్. పాలపిట్ట గారి హెచ్చరిక దృష్టిలో పెట్టుకుని, మొదటి సమావేశమే రెండు భాషల్లో జరిగేలా చూస్తాం. పిల్లలను చూసుకునే మనిషిని కూడా పెట్టాలి, లేకపోతే తల్లులు రాలేరు.

తుంగభద్ర:

పిల్లల సంగతి బాగా పట్టుకున్నారు. నేను మొదట చెప్పిన సీఎస్ఓ తర్వాత ఏమైందో ఇంకా రాయలేదు. చావెజ్ 1959లో దాని కార్యనిర్వాహక సంచాలకుడయ్యాడు. అప్పటికి సంఘంలో కాస్త స్థిరపడినవారు, చదువుకున్నవారు పెరిగారు. పొలం కూలీలను సంఘటితం చేద్దామని ఆయన 1962లో ప్రతిపాదిస్తే సంఘం తిరస్కరించింది. పదేళ్లు పనిచేసిన సంస్థను, జీతాన్ని వదులుకుని ఆయన కుటుంబంతో కాలిఫోర్నియాలోని ద్రాక్షతోటల ఊరు డెలానో వెళ్లిపోయాడు. వెర్టా కూడా ఆయనతో కలిసింది. మళ్లీ అవే ఇళ్లలో సమావేశాలు, మొదటి నుంచి.

1962 సెప్టెంబర్‌లో ఫ్రెస్నోలో పొలం కూలీల సంఘం పుట్టినప్పుడు నెల చందా మూడున్నర డాలర్లుగా నిర్ణయించారు. గంటకు డాలరు చొప్పున వచ్చే కూలీ కుటుంబానికి అది చాలా బరువు. మొదట్లో చేరినవారిలో ఎక్కువమంది కొన్ని నెలలకే కట్టడం మానేశారు. బయటి దాతల సొమ్ము తీసుకుంటే తొందరగా పెరగవచ్చని సలహాలు వచ్చినా, కూలీలు తమ డబ్బుతో నడుపుకోనిది తమ సంఘం కాదన్న పట్టు చావెజ్ విడవలేదు. చందా కట్టినవారికి మరణ సహాయం, పరపతి సంఘం ఏర్పాటు చేశాడు. 1965 సెప్టెంబర్ 8న లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిప్పీన్స్ కూలీలు డెలానో ద్రాక్షతోటల్లో సమ్మెకు దిగారు. వారితో చేరాలా వద్దా అన్నది నిర్ణయించుకోవడానికి ఎనిమిది రోజుల తర్వాత చావెజ్ సంఘం డెలానోలోని చర్చి హాల్లో సమావేశమైంది. ఓటు వేసినవారు మెక్సికన్ కూలీలు, చేరబోయేది అంతకుముందు యజమానులు తమకు పోటీగా నిలబెడుతూ వచ్చిన ఫిలిప్పీన్స్ కూలీలతో. చేరాలనే తీర్మానించారు. ఐదేళ్ల తర్వాత, 1970లో, పెద్ద ద్రాక్షతోటల యజమానులు ఒప్పందాలపై సంతకం చేశారు.